ఇంజను ఒరిగినప్పుడు

వేరావల్, గుజరాత్
26 ఆగస్టు 2007

శుభాకర్ బావకి,

కన్నబాబు రాత్తన్నాను. నువ్వూ దేవకుమారీ పిల్లా కులాసాగా ఉన్నారనుకుంటన్నాను.

వేరావల్ వొచ్చి పద్నాలుగు రోజులైంది. మన పేటోలం ఏడుగురం ఒకే బోటులో ఉన్నాం. లైసెన్సు పోలీసోల కాడున్నాక ఇంకేటి సేత్తాను, మా తాతల పనే మిగిలింది. పదేళ్ళు స్టీరింగు పట్టిన సేతులు కదా, వలతాడు లాగితే తోలు ఊడొచ్చేత్తంది. పన్నెండు రోజులు సముద్రం మీద, రెండు రోజులు ఒడ్డున. ఫోన్ సేద్దారంటే బూతు కాడ ఎనకాల పదిమంది నిలబడి వింతారు. అందుకే కాగితం.

నీకొక మాట రాయాలని ఏప్రిల్ నుంచి అనుకుంటన్నాను. ఆ రోజు నువ్వు టేసనుకొచ్చి, నన్ను పక్కకి పిలిసి, మెల్లగా "తాగేవా బావా?" అనడిగేవు. పోలీసోలు అడిగేరు, బండి ఓనరు కృష్ణంరాజుగారడిగేరు. అడగడం ఆల పని. నువ్వడిగింది మాత్రం ఇప్పటికీ నాకు అరగనేదు.

మల్లీ సెప్తన్నాను. రైలుకెల్లాల్సిన ఫేమిలీని ఎక్కించుకుని భీమిలి నుంచి తగరపువలస మీదుగా ఎల్తన్నాను. ముందల ఇసక లారీ ఉంది. ఎదర ఆటో సాలా దూరంలో ఉంది. దాటీగలనని బయటికొచ్చేను. సగం దాటేక బండిలో పేనం పోనాది. ఇంజను ఆగనేదు బావా, తిరుగుతానే ఉంది, తొక్కితే మాత్రం ముందుకెల్లదు. పసుపు లైటు ఎలిగింది. ఎనక్కి తగ్గుదారంటే లారీ ఎనకాలే బస్సు. ఆటోవోడు నన్ను తప్పించడానికి గోతిలోకి దించీసేడు. సేపలకని భీమిలి వొత్తన్న సూర్యకాంతమ్మ అందులోంచి పడి సచ్చిపోనాది.

తరవాత పోలీసోలు తాళం తిప్పితే బండి సక్కగా కదిలింది. బ్రేకులు బాగున్నాయి, స్టీరింగు బాగుంది, లోపం నేదు అని కాగితం రాసీసేరు. జనవరిలో వాయిదా. నన్ను నమ్మేవోడు ఒక్కడుంటే సాలు.

కన్నబాబు

—

విశాఖపట్నం, వన్ టౌన్
9 సెప్టెంబరు 2007

ప్రియమైన కన్నబాబు బావకి వందనాలు.

నీ ఉత్తరం అందింది. అలా అడిగినందుకు క్షమించు. ఆ రోజు నీ ముఖంలో రక్తం లేదు, మాట తడబడుతోంది. భయపడి అడిగాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక భీమిలి వెళ్ళి మీ అమ్మని చూశాను. కాసులమ్మ అత్త బాగానే ఉంది. నీ బట్టలు ఉతికి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ ఉతుకుతోందట.

నువ్వు చెప్పిన లైటు సంగతి నేను కొట్టిపారేయడం లేదు. మార్చిలో నువ్వు మా షెడ్డుకి తెచ్చినప్పుడూ అదే లైటు. ఇంజనులోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచే సెన్సరు ఒకటుంది. బండి నల్లపొగ కక్కకూడదని కొత్త డీజిలు బళ్ళకి పెట్టిన ఏర్పాటులో అదొక భాగం. బండిలోని కంప్యూటరు ఆ లెక్క చూసుకునే డీజిలు పోస్తుంది. లెక్క అందకపోతే ఎందుకొచ్చిన గొడవని డీజిలు తగ్గించేస్తుంది. అప్పుడు బండి నడుస్తుంది గానీ సత్తా ఉండదు. తాళం ఆపి మళ్ళీ తిప్పితే అంతా మర్చిపోయి మామూలుగా నడుస్తుంది.

కానీ బావా, ఆ సెన్సరు నేను విప్పి, శుభ్రం చేసి, లోపాలు చూపించే స్కానరు పెట్టి చూసి మరీ పంపాను. మేలో సొట్టలు తీయడానికి వచ్చినప్పుడూ చూశాను, తప్పేమీ చూపించలేదు. ఇప్పుడు అర్జునరావు అనే కొత్త డ్రైవరు నాలుగు నెలలుగా అదే బండి నడుపుతున్నాడు. ఒక్క కంప్లైంటు లేదు. నేను చేసిన పని నాకు తెలుసు కదా. ఒకవేళ నువ్వు కంగారులో గేరు సరిగ్గా వేయలేదేమో, ఒకసారి ఆలోచించు.

ఆరోగ్యం చూసుకో.

శుభాకర్

—

వేరావల్
24 సెప్టెంబరు 2007

బావకి,

నీ ఉత్తరం ఆదివారం ప్రసంగంలా ఉంది. గేరు మర్సిపోవడానికి నాను నిన్న బండి నేర్సుకున్నోన్ని కాను.

నువ్వు సేసిన పని నీకు తెలుసు. నాను తొక్కిన కాలు నాకు తెల్దా?

బోటు మీద కూకోనేకపోతన్నాను. ఇంజను మోత వింటా ఉంటాను. కొంచెం సౌండు తగ్గితే సాలు, లేసి నిలబడిపోతన్నాను. "ఏటయిందిరా నీకు, ఒక సోట ఉండవు" అని బోటు నడిపే తండేలు కసురుతన్నాడు. ఏటని సెప్పను.

ఇంక ఆ బండి గురించి రాయకు. మాయమ్మని మాత్రం సూడు.

కన్నబాబు

—

విశాఖపట్నం, వన్ టౌన్
14 అక్టోబరు 2007

కన్నబాబు బావా,

రాయొద్దన్నావు, కానీ రాయక తప్పదు. నువ్వు చెప్పింది నిజం.

పోయిన సోమవారం అర్జునరావు బండి తెచ్చాడు. ఇన్నాళ్ళూ టౌనులోనే నెమ్మదిగా తిప్పాడట. ఆనందపురం దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే బండి చచ్చుబడిపోయిందట. పక్కన ఖాళీ జాగా ఉండబట్టి బతికానన్నాడు. అతను చెబుతుంటే నీ మాటలే వినిపించాయి. ఇంజను తిరుగుతోంది, తొక్కితే వెళ్ళదు, పసుపు లైటు.

స్కానరు పెడితే గాలి సెన్సరు దగ్గరే తప్పు చూపించింది. ఇంకో బండిలోంచి మంచి సెన్సరు తీసి ఇందులో పెట్టాను. షెడ్డులో అరగంట రేజ్ చేశాను, ఆవగింజంత తేడా లేదు. సరే అనుకుని స్టీల్ ప్లాంటు రోడ్డు మీదకి తీసుకెళ్ళాం. అర్జునరావు నడుపుతున్నాడు, స్కానరు నా ఒళ్ళో ఉంది. మెల్లగా వెళ్తే అంకెలు సరిగ్గానే ఉన్నాయి. "లారీని దాటుతున్నట్టు తొక్కు" అన్నాను. తొక్కాడు. గాలి లెక్క ఒక్కసారిగా సున్నా అయిపోయింది. బండి నీరసపడిపోయింది. కొత్త సెన్సరుతో కూడా అదే వరస, అంటే తప్పు సెన్సరుది కాదు.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నిలబడితే రాదు, నెమ్మదిగా వెళ్తే రాదు, గట్టిగా తొక్కితేనే వస్తోంది. నాలుగో రోజు బానెట్ తెరిచి, అర్జునరావుని బ్రేకు గట్టిగా పట్టి, గేరులో ఉంచి కొంచెం క్లచ్ వదలమన్నాను. బరువు పడేసరికి ఇంజను ఒక పక్కకి ఒరిగింది. ఏ ఇంజనైనా ఒరుగుతుంది, రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కదా. అది ఒరగ్గానే సెన్సరు వైరు తాడులా బిగుసుకుంది. పైన తొడుగు బాగానే ఉంది. కోసి చూస్తే లోపల రాగి తీగ తెగి ఉంది. మామూలప్పుడు రెండు కొసలూ తగులుకుని ఉంటాయి. ఇంజను ఒరిగితే విడిపోతాయి. అందుకే షెడ్డులో ఎవరికీ దొరకలేదు.

వైరుని వెళ్ళాల్సిన దారిలో కాకుండా ఎవరో వేరే పక్క నుంచి లాగి కట్టారు. అందుకే పొడవు చాల్లేదు.

ఇది నీ వకీలుగారికి చెప్పాలి. మళ్ళీ రాస్తాను, ఇప్పుడింతే.

శుభాకర్

—

వేరావల్
2 నవంబరు 2007

బావకి,

ఒడ్డుకొచ్చేసరికి టీకొట్టు కాడ నీ ఉత్తరం ఉంది. నిలబడే సదివేను. మల్లీ సదివేను. మనోలందరికీ సదివి వినిపించేను. పక్కోడికి తెలుగు రాపోయినా ఆడి బుజం మీద కొట్టేను. ఆర్నెల్ల తరవాత కడుపు నిండా తిన్నాను.

తిన్నాక ఒడ్డు మీద అటూ ఇటూ తిరగడం మొదలెట్టేను. ఇంక ఆగనేదు. ఎందుకో నీకు సెప్పాల.

ఆ రోజు బండి సచ్చుబడ్డం అదే మొదటిసారి కాదు. భీమిలిలో గంటస్తంభం దాటేక ఎత్తు ఎక్కుతుంటే ఒకసారి పోనాది. పసుపు లైటు ఎలిగింది. పక్కకి ఆపి, తాళం తీసి, మల్లీ తిప్పేను. లైటు పోనాది. ఎనకాల పెద్దాయన "రైలు తప్పిపోతాది బాబూ" అంతన్నాడు. నీకు ఫోన్ సేద్దారనుకున్నాను. సేత్తే బండి ఆపీమంటావని తెలుసు. అందుకే సెయ్యనేదు.

అంటే బండి ఒగ్గేత్తాదని తెలిసి కూడా నాను లారీని దాటడానికి బయటికొచ్చేను. పోలీసోలకి సెప్పనేదు, వకీలుకి సెప్పనేదు, మాయమ్మకీ సెప్పనేదు. నువ్వు నమ్మనేదని నీ మీద కోపం ఎట్టుకుని తిరిగేను గానీ, నాను నీకు సగమే సెప్పేను.

వైరు ఎవడో తప్పు కట్టేడన్నావు. ఆడెవడైనా ఆన్ని ఏటీ అనకు. ఆ బండి ఆ పొద్దున నాకు ముందే సెప్పింది. నానే విననేదు.

కన్నబాబు

—

విశాఖపట్నం, వన్ టౌన్
3 నవంబరు 2007

బావా,

నీ జవాబు రాకుండానే ఇది రాస్తున్నాను. వచ్చేదాకా ఆగితే మళ్ళీ ధైర్యం చాలదు.

పోయిన ఉత్తరంలో "ఎవరో" అని రాశాను. ఆ మాట రాసి పోస్టులో వేసినప్పటి నుంచీ ఒక చోట కూర్చోలేకపోతున్నాను. షెడ్డుకొచ్చిన ప్రతి బండి బానెట్టూ ఎత్తి వైర్లు తడిమి చూస్తున్నాను. బ్రేకులకని వచ్చినవాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. ఏమైందని దేవకుమారి అడిగితే విసుక్కున్నాను.

ఆ వైరు కట్టింది నేనే.

మార్చిలో సెన్సరు శుభ్రం చేసి బిగిస్తుంటే వైరు కూర్చునే క్లిప్పు విరిగిపోయింది. కొత్తది రావాలంటే రెండు రోజులు. మర్నాటికి బండికి బుకింగు ఉంది. దగ్గర్లో ఇంకో బ్రాకెట్ కనిపిస్తే వైర్లు బిగించే ప్లాస్టిక్ టేగు వేసి దానికి కట్టేశాను. ఊడిపోకూడదని గట్టిగా లాగి మరీ కట్టాను. ఇంజను ఒరిగితే ఆ వైరు ఎటు పోవాలన్న ఆలోచన రాలేదు. నెల రోజులు లాగి లాగి లోపల తీగ తెగింది. టేగు కొసని నేను ఏటవాలుగా కత్తిరిస్తాను, షెడ్డులో ఇంకెవరూ అలా కత్తిరించరు. బానెట్ ఎత్తి ఆ కొస చూడగానే తెలిసిపోయింది. తెలిసి కూడా నీకు "ఎవరో" అని రాశాను.

నువ్వు తాగావా అని అడిగింది నేను. గేరు మర్చిపోయావేమో అన్నది నేను.

కృష్ణంరాజుగారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "ఇన్సూరెన్సువాళ్ళు మెలిక పెడతారు, ఇది మన నోటెంట రావొద్దు శుభాకర్" అన్నాడు. షెడ్డు యజమాని అయితే, కోర్టుకెళ్తే మళ్ళీ ఇటు రావక్కర్లేదన్నాడు. తెగిన వైరు, ఆ టేగు, స్కానరు కాగితాలు నా దగ్గరే దాచాను.

నేను కోర్టులో చెప్తాను. నీకు ఇంక నా ముఖం చూడాలని లేకపోతే ఒక్క ముక్క రాయి.

శుభాకర్

—

వేరావల్
21 నవంబరు 2007

బావకి,

నీ ఉత్తరం, నా ఉత్తరం తోవలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. ఈపాటికి నాది నీకు అందే ఉంటాది.

నీ ఉత్తరం సదివి మొదట కోపమే వొచ్చింది, అబద్ధం ఆడను. కాగితం ఉండ సుట్టి సముద్రంలోకి ఇసరబోయేను. మల్లీ సాపు సేసి జేబులో ఎట్టుకున్నాను. రెండు రోజులు వల లాగతా నీతోనే మాటాడేను. బోటోలు నాకు పిచ్చనుకుంటన్నారు.

క్లిప్పు ఇరిగితే నువ్వు టేగు ఏసేవు. లైటు ఎలిగితే నాను తాళం తిప్పేను. ఇద్దరం బండి కదిలితే సాలనుకున్నాం.

వకీలుకి ఫోన్ సేసి నాను దాసిన ఇసయం సెప్పీసేను. బండిలో లోపం ఉందంటే నన్ను ఒగ్గేత్తారట. అదే మాటాడమన్నాడు. ముందే తెలుసని మాత్రం ఎక్కడా అనొద్దన్నాడు. నాకు మనసొప్పనేదు. నువ్వు ఉద్యోగం ఒదులుకుని నిజం సెప్తంటే, నాను నీ ఎనకాల నక్కి సగం సెప్పి బయటికొత్తానా?

జనవరిలో వత్తన్నాను. నీ సగం నువ్వు సెప్పు, నా సగం నాను సెప్తాను.

దేవకుమారిని ఇసుక్కోకు.

కన్నబాబు

—

తగరపువలస
6 ఏప్రిల్ 2008

బావా,

జైలుకి ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి. విప్పి చదివి ఇస్తారట, ఇవ్వనీ. దాచేదేమీ లేదు.

నిన్ను వ్యానెక్కించాక జరిగింది నీకు తెలీదు కదా. జడ్జిగారి మాట నా చెవిలోంచి పోవడం లేదు. "బండిలో లోపం ఉందని తేలింది, కానీ తెలిసి కూడా దాటబోయావు" అని నీకు మూడు నెలలు వేశారు. నిన్ను తీసుకెళ్ళాక నా సంగతి అడిగితే, నా మీద కేసేమీ లేదు, వెళ్ళొచ్చన్నారు. అది విని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. వెళ్ళొచ్చంటే ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు.

ఆటోనగర్‌లోని మా పాత షెడ్డువాళ్ళు అన్నంత పనీ చేశారు. తగరపువలసలో హైవే పక్కన రేకుల షెడ్డు ఒకటి తీసుకున్నాను. దేవకుమారి మాటలు తగ్గించింది గానీ కేరేజీ మాత్రం రోజూ పంపుతోంది. పని ఇంకా పెద్దగా లేదు. ఉన్న పనే రెండుసార్లు చూసుకుంటున్నాను, బిగించినవి విప్పి మళ్ళీ బిగిస్తున్నాను.

అసలు సంగతి ఇది. నిన్న ఒకమ్మాయి షెడ్డుకొచ్చింది. కోర్టులో వెనక బల్ల మీద కూర్చునేది, సూర్యకాంతమ్మగారి కూతురు అనూరాధ. ఇక్కడే మార్కెట్లో మిషను కుడుతుందట. నేను చేతులు తుడుచుకుని నిలబడ్డాను. ఏమంటే అది పడదామనుకున్నాను. ఆ అమ్మాయి ఏ వైరో చూపించమంది. ఒక బండి బానెట్ ఎత్తి, అది ఏ దారిన వెళ్ళాలో, నేను ఎలా కట్టానో చూపించాను. వంగి చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత అడిగింది. "మాయమ్మ పోయేముందల ఏటైనా అన్నాదా?"

నువ్వు దగ్గరికెళ్ళేసరికే ఆవిడకి మాట లేదని పోలీసులకి రాసిచ్చావని చెప్పాను.

"పోలీసోలు రాసింది నాను అడగనేదు" అంది.

నిన్ను అడిగి చెప్తానన్నాను. వెళ్ళిపోయింది. నాకెందుకో నువ్వు అప్పుడు రాసింది నిజం కాదనిపిస్తోంది బావా. ఆవిడ ఏమైనా అని ఉంటే చెప్పు. లేకపోతే లేదని రాయి.

శుభాకర్

—

సెంట్రల్ జైలు, విశాఖపట్నం
15 ఏప్రిల్ 2008

బావకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ బానే ఉంది. తోటపని ఇచ్చేరు. నీల్లు మోత్తాను, మొక్కలకి పోత్తాను. ఒక సోట కూకోమనరు, అది నాకు మంచిదే.

ఆ పిల్ల అడిగిందానికి జవాబు ఉంది. కోర్టులో అన్నీ సెప్పీసేననుకున్నావు, నానూ అలాగే అనుకున్నాను. ఇది మిగిలిపోనాది. కేసుకి దీంతో పని నేదు, అందుకని ఎవులూ అడగనేదు.

నాను గోతిలోకి దిగేసరికి ఆయమ్మకి మాట ఉంది. సేపల తట్ట పక్కన బోర్లా పడుంది. తల నా సెయ్యి మీద ఎట్టుకున్నాను. కల్లు తెరిసి సూసింది. నాను ఆటోలో కూడా వొచ్చినోన్ని అనుకుందో, రోడ్డు మీద పోయేవోన్ని అనుకుందో తెల్దు. "ఎవులబ్బాయివి నాయినా?" అనడిగింది.

మాయమ్మ పేరు సెప్తే ఆయమ్మకి తెలుత్తాది బావా. ఇద్దరూ భీమిలి ఒడ్డున ఒకే సోట సేపలు ఏలంలో పాడుకునేవోరు. ఆ బయానికి నా నోరు దానంతటదే తిరిగింది. "మాది కాకినాడమ్మా" అన్నాను.

ఆయమ్మ నా మొకం కాసేపు సూసింది. "అంత దూరం నుంచొచ్చేవా? మీయమ్మ ఎదురుసూత్తా ఉంటాది, బేగి ఇంటికెల్లిపో నాయినా" అన్నాది. మరి మాటాడనేదు.

వల లాగినా, నీల్లు మోసినా ఆ మాటే ఇనిపిత్తంది. పేనం పోతా ఆయమ్మ నా కోసం, మాయమ్మ కోసం అన్న మాట అది. నానేమో ఆ మనిసికి ఆకరిమాటు అబద్ధం సెప్పేను.

ఇది నువ్వు ఆ పిల్లకి సెప్పకు. జూన్ పదోతారీకున ఒగ్గేత్తారట. నువ్వు బండి తేవొద్దు, బస్సులో వత్తాను. ముందల మా ఇంటికెల్లను. మాయమ్మకి ఈ మాట నువ్వే సెప్పు. ఎదురుసూడొద్దను, సాయంత్రానికి వత్తానను. తగరపువలసలో దిగి ఆ పిల్లోలిల్లు కనుక్కుంటాను. లోపలికి రమ్మంటే ఎల్తాను, పొమ్మంటే ఒచ్చీసేత్తాను. గుమ్మం కాడ నిలబడి ముందు ఒకటే సెప్తాను.

"మాది కాకినాడ కాదమ్మా, భీమిలి. నాను కాసులమ్మ కొడుకుని, కన్నబాబుని."

కన్నబాబు